టికెట్ లేకుండా వచ్చినోళ్లు

పోయిన సెమిస్టర్ సెలవుల్లో, మెదక్‌లో మా ఇంట్లో ఒక్క రాత్రిలో పన్నెండు ప్రాణాలు పోయాయి. చచ్చిపోయినవి సెంటీమీటర్ పొడవు కూడా లేని ఎర్ర రొయ్య పిల్లలు కాబట్టి పేపర్లో రాలేదు. చంపింది నేనే. కాపాడదామని మందు పోసి చంపాను.

జరిగింది ఇదీ. మా హాల్లో నాకొక రెండడుగుల అక్వేరియం ఉంది. అందులో ఇరవై చెర్రీ ష్రింప్ పిల్లల్ని వేశాను. ఇవి మంచినీళ్లలో పెరిగే చిన్న రొయ్యలు. వాటికోసం హైదరాబాద్‌లో ఒక షాపులో జావా మాస్, వాలిస్నేరియా మొక్కలు కొని, నీళ్లతో సహా కవర్లో కట్టించి, బస్సులో వంద కిలోమీటర్లు ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. ఇంటికి రాగానే కవర్ విప్పి మొక్కల్ని అట్లాగే ట్యాంకులో దించేశా.

రెండు వారాల్లో ఇరవై రొయ్యలు పన్నెండయ్యాయి. శవాలు కూడా కనపడలేదు. గాజు మీద మాత్రం నేను కొనని నత్తలు పాకుతున్నాయి. కొత్తగా వచ్చినవి నత్తలు, మాయమైనవి రొయ్యలు, కాబట్టి దొంగలు నత్తలే అని తీర్పు చెప్పేశా. నత్తలు పోయే మందు తెచ్చి, సీసా మీద రాసినంతా పోశా. అది రాగి కలిసిన మందు. రాగి నత్తలకు విషమే, కానీ రొయ్యలకు కూడా విషమే. తెల్లారేసరికి పన్నెండూ అడుగున పడి ఉన్నాయి. నత్తల్లో కొన్ని నీటి అంచు దాటి గాజు పైకి పాకి బతికిపోయాయి!

ట్యాంక్ కడుగుదామని జావా మాస్ ముద్దను చేత్తో పిండితే, అందులోంచి ముప్పావు అంగుళం ఉన్న ఒక సన్నటి పురుగు బయటపడింది. ఆరు కాళ్లు, పెద్ద కళ్లు, తోక చివర మూడు చిన్న ఆకులు. సన్న తూనీగ పిల్ల. రెండు వారాలు ఆ నాచులో కూర్చుని నా రొయ్యల్ని ఒక్కొక్కటిగా తిన్నది ఇది. నత్తలకు ఆ సంగతే తెలీదు.

మన బ్రాంచ్ వాళ్లకు ఈ తప్పు పరిచయమే. ఎర్రర్ మెసేజ్ చదవకుండా, అనుమానం వచ్చిన ఫైల్ డిలీట్ చేయడం లాంటిది. ఆ తర్వాత నేను నేర్చుకున్నది ఈ వ్యాసంలో రాస్తున్నా. చదివిందంతా ఇంగ్లీష్‌లో. తెలుగులో రాద్దామని కూర్చుంటే కొన్ని పేర్లు మా నానమ్మని అడగాల్సి వచ్చింది. ఆమె చెప్పిన సంగతులు కూడా మధ్యలో వస్తాయి.

పగడాల మీద ప్రయాణం

అక్వేరియం పిచ్చి నాకు పగడాల వీడియోలు చూసి మొదలైంది. ఉప్పునీటి ట్యాంకుల్లో పగడాలు పెంచేవాళ్లు కొత్త పగడం తేగానే ట్యాంకులో వేయరు. ముందు దాన్ని విడిగా ఒక తొట్టిలో పెట్టి, టార్చ్ వేసి, అడుగున ఉన్న రాయిని కూడా తిప్పి తిప్పి చూస్తారు. ఎందుకంటే పగడం ఒంటరిగా రాదు. దాని సందుల్లో పురుగులు, పీతలు, నత్తలు, చిన్న సముద్ర నక్షత్రాలు వస్తాయి. వీటిని వాళ్లు హిచ్‌హైకర్స్ అంటారు. మన భాషలో టికెట్ లేకుండా బస్సెక్కినోళ్లు.

వీటిలో అందరికంటే పేరున్నది బ్యారీ. 2009లో ఇంగ్లాండ్‌లోని న్యూకీ అనే ఊళ్లో, బ్లూ రీఫ్ అక్వేరియంలో పగడాలు ముక్కలై కనిపించేవి, చేపలకు గాయాలయ్యేవి. ఎవరు చేస్తున్నారో అర్థం కాలేదు. చివరికి ట్యాంకులోని రాళ్లన్నీ ఒక్కొక్కటి తీస్తే నాలుగడుగుల పొడవున్న సముద్రపు పురుగు దొరికింది. బాబిట్ వార్మ్ అంటారు దాన్ని. ఎప్పుడో చిన్నగా ఉన్నప్పుడు ఏ రాయి సందులోనో దాక్కుని వచ్చి, లోపలే పెరిగి ఉంటుందని అక్కడివాళ్లు అనుకున్నారు. దానికి బ్యారీ అని పేరు పెట్టారు.

కానీ పగడాలతో వచ్చే ప్రతి పురుగూ బ్యారీ కాదు. ఒళ్లంతా ముళ్ల వెంట్రుకలున్న బ్రిసిల్ వార్మ్‌ను చూసి కొత్తవాళ్లు వణికిపోతారు. నిజానికి వాటిలో ఎక్కువ రకాలు మిగిలిపోయిన తిండి తిని ట్యాంకును శుభ్రం చేస్తాయి. అదే ఐప్టేసియా అనే చిన్న సముద్రపు పువ్వు చూడ్డానికి ముద్దుగా ఉంటుంది. అది పక్కనున్న పగడాల్ని కుడుతుంది. చిదిమేస్తే మిగిలిన ముక్కల్లోంచి మళ్లీ లేస్తుంది. తమాషా ఏంటంటే, అది అంత మొండిగా బతుకుతుంది కాబట్టే, పగడాలకూ వాటి లోపలుండే నాచుకూ మధ్య సంబంధాన్ని పరిశోధించే ల్యాబుల్లో దాన్ని కావాలని పెంచుతారు.

మరి నేను పగడాలు ఎందుకు పెంచడం లేదు? డబ్బు ఒక కారణం. రెండోది చట్టం. మన దేశంలో రాతి పగడాలను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో చేర్చారు. పులి ఉన్న షెడ్యూల్ అది. సముద్రంలోంచి పగడం తీసి అమ్మడం, కొనడం నేరం. కాబట్టి నాలాంటివాళ్లకు మంచినీటి మొక్కలే గతి. అయితే ప్రయాణికుల విషయంలో తేడా ఏమీ లేదు. పగడం రాయి చేసే పనే ఇక్కడ నాచు ముద్ద చేస్తుంది.

ముందు చూడటం

పరికరాలు చాలా తక్కువ. తెల్లటి ప్లాస్టిక్ టబ్ ఒకటి, ఫోన్ టార్చ్, ఒక భూతద్దం లేదా ఫోన్ కెమెరాకు తగిలించే చిన్న లెన్స్, పెయింట్ బ్రష్, నాలుగు గాజు సీసాలు. మా ఇంట్లో పచ్చడి సీసాలు వాడుతున్నా.

టబ్‌లో నీళ్లు పోసి మొక్కను తలకిందులుగా పట్టుకుని అటూ ఇటూ ఆడించాలి. తర్వాత మొక్క తీసేసి ఐదు నిమిషాలు ఆగాలి. తెల్లటి అడుగు మీద కదిలేవన్నీ కనిపిస్తాయి. ఆకుల వెనక వైపు తప్పకుండా చూడాలి, నత్త గుడ్లు అక్కడే ఉంటాయి. చాలా జీవులు చీకట్లో తిరుగుతాయి కాబట్టి రాత్రి లైటు ఆర్పేసి రెండు గంటల తర్వాత టార్చ్ వేసి మళ్లీ చూడాలి.

కనిపించినదాన్ని మూడు ప్రశ్నలు అడగండి. గుల్ల ఉందా? కాళ్లు ఉన్నాయా? ఎట్లా కదులుతోంది? డెసిషన్ ట్రీ అనుకోండి. రంగును మాత్రం నమ్మొద్దు. అది తిన్న తిండిని బట్టి కూడా మారుతుంది. నడక అంత తేలిగ్గా మారదు.

గుల్ల ఉంటే

అది నత్త. చుట్ట చుట్టిన చాప లాగా బల్లపరుపుగా ఉంటే రామ్స్‌హార్న్. వీటిలో కొన్ని ఎర్రగా ఉంటాయి. వీటి రక్తంలో మనకున్నట్టే హిమోగ్లోబిన్ ఉంటుంది, ఒంటి మీద నల్ల రంగు లేని నత్తల్లో ఆ ఎరుపు బయటికి కనిపిస్తుంది.

గుల్ల మొనదేలి ఉంటే, మొనను పైకి పెట్టి, నోరు మీ వైపు తిప్పుకుని పట్టుకోండి. నోరు ఎడమ వైపు ఉంటే బ్లాడర్ స్నెయిల్, దాని మీసాలు దారాల్లా సన్నగా ఉంటాయి. కుడి వైపు ఉండి, మీసాలు వెడల్పుగా త్రికోణంలా ఉంటే లిమ్నియా. ఈ లిమ్నియా గొర్రెలు కాసేవాళ్లకు సంబంధించిన నత్త. కార్జపు జలగ అనే పరాన్నజీవి తన జీవితంలో కొంత భాగం దీని లోపల గడిపి, తర్వాత గడ్డి ద్వారా గొర్రెల్లోకీ పశువుల్లోకీ పోతుంది. మన ట్యాంకులో గొర్రె లేదు కాబట్టి భయపడక్కర్లేదు.

స్క్రూ లాగా పొడవుగా ఉంటే ట్రంపెట్ స్నెయిల్. పగలంతా ఇసుకలో ఉండి రాత్రి పైకి వస్తుంది. గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది.

ఈ నాలుగూ ఆరోగ్యంగా ఉన్న రొయ్యల్ని వేటాడి తినవు. కుళ్లిన ఆకులు, నాచు, మిగిలిన తిండి, చచ్చినవి తింటాయి. నత్తలు ఒక్కసారిగా పెరిగాయంటే మీరు చేపలకు తిండి ఎక్కువ వేస్తున్నారని అర్థం. మందు పోసే బదులు తిండి తగ్గించి చూడండి. ఈ నాలుగు లైన్లు నాకు ముందే తెలిసుంటే పన్నెండు రొయ్యలు బతికేవి.

గుల్లా లేదు, కాళ్లూ లేవు

ఇక్కడే ఎక్కువ గందరగోళం. దారంలా సన్నగా ఉండి, నీళ్లలో పాములా వంకర్లు తిరుగుతుంటే అవి డెట్రిటస్ వార్మ్స్. వానపాము చుట్టాలు. ఇసుకలో చెత్త తింటాయి. ఏ హానీ లేదు.

గాజు మీద నూనె చుక్క జారినట్టు నున్నగా జారుతూ, తల బాణం మొనలా త్రికోణంగా, రెండు కంటి చుక్కలతో ఉంటే ప్లనేరియా. దీనితో జాగ్రత్త. రొయ్య పిల్లల్ని, గుడ్లను తింటుంది. కోపంతో గోటితో చిదమొద్దు, బ్లేడుతో కోయొద్దు. దాన్ని ముక్కలు చేస్తే ఒక్కో ముక్క మళ్లీ పూర్తి పురుగవుతుంది. సన్నటి రంధ్రం పెట్టిన చిన్న సీసాలో మాంసం ముక్క పెట్టి రాత్రి ట్యాంకులో దించితే లోపలికి చేరతాయి, పొద్దున తీసేయొచ్చు. త్రికోణపు తల లేకుండా, రెండు మూడు మిల్లీమీటర్ల తెల్ల చుక్కల్లా జారేవి వేరే రకం, వాటిని వదిలేయండి.

రెండు చివర్లా అతుక్కుంటూ, మధ్యలో వంతెనలా పైకి లేస్తూ, జానలు కొలిచినట్టు నడిస్తే జలగ. పేరు వినగానే మనకు రక్తమే గుర్తొస్తుంది కానీ మొక్కలతో వచ్చే చిన్న జలగల్లో చాలావాటికి నత్తలూ పురుగులే ఆహారం. అయినా పటకారతో తీసేయడం మంచిది.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైనది హైడ్రా. ఒక చివర ఆకుకు అతుక్కుని, రెండో చివర ఐదారు సన్నటి చేతులు చాపి కదలకుండా ఉంటుంది. పొడవు అర సెంటీమీటర్ నుంచి ఒకటిన్నర దాకా. ముట్టుకుంటే టక్కున ముడుచుకుని చుక్క అయిపోతుంది. ఆ చేతుల్లో కుట్టే కణాలున్నాయి. అప్పుడే పుట్టిన చేప పిల్లల్ని, రొయ్య పిల్లల్ని పట్టగలదు. పెద్దవాటిని ఏమీ చేయలేదు.

దీని కథ ఏంటంటే, 1740లో హాలండ్‌లో అబ్రహాం ట్రెంబ్లే అనే ట్యూషన్ మాస్టారు, తన దగ్గర చదివే ఇద్దరు పిల్లలతో కలిసి, కాలువలోంచి తెచ్చిన నీటి మొక్కల్ని గాజు జాడీలో పెట్టి చూస్తున్నాడు. మొక్కలతో పాటు హైడ్రాలు వచ్చాయి. ఇది మొక్కా, జంతువా అని తేల్చడానికి ఒకదాన్ని రెండుగా కోశాడు. రెండూ పూర్తి హైడ్రాలయ్యాయి! 1744లో ఆయన దాని మీద పుస్తకం వేస్తే యూరప్ అంతా ఆశ్చర్యపోయింది. అంత పెద్ద ప్రయోగం టికెట్ లేకుండా వచ్చిన ప్రాణి మీదే జరిగింది.

ఇంకో సంగతి. హైడ్రా పగడానికి చుట్టం. రెండూ నిడేరియా అనే ఒకే వర్గం. పగడం తన ఒంట్లో సూక్ష్మమైన నాచును పెట్టుకుని, అది వండిన ఆహారం తింటుంది. ఆకుపచ్చ హైడ్రా కూడా అదే పని చేస్తుంది. పగడం కొనలేనని బాధపడిన నాకు, పగడం చుట్టం బస్సులో నా ఒళ్లోనే కూర్చుని ఇంటిదాకా వచ్చిందన్నమాట. ఇప్పుడు ఒక పచ్చడి సీసాలో తొమ్మిది ఆకుపచ్చ హైడ్రాలున్నాయి.

ఆరు కాళ్లుంటే

నీళ్లలో ఆరు కాళ్ల పురుగు కనిపిస్తే వెంటనే తోక చూడండి. తోక చివర మూడు ఆకులుంటే సన్న తూనీగ పిల్ల. ఆ ఆకులు దాని మొప్పలు. ఆకుల్లేకుండా లావుగా, పొట్టిగా ఉంటే పెద్ద తూనీగ పిల్ల. అది వెనక నుంచి నీళ్లు చిమ్మి రాకెట్‌లా ముందుకు దూకుతుంది. రెండింటికీ గడ్డం కింద మడత పెట్టిన కొక్కెం లాంటి పెదవి ఉంటుంది. ఎర దగ్గరికి రాగానే అది బయటికి దూసుకొచ్చి పట్టేస్తుంది. రొయ్యలున్న ట్యాంకులో ఇవి ఒక్క రోజు కూడా ఉండకూడదు.

ఆకుల బదులు తోక చివర రెండు మూడు సన్నటి దారాలుండి, పొట్టకు రెండు పక్కలా మొప్పలు ఆడుతుంటే అది మేఫ్లై పిల్ల. ఇది నాచు తింటుంది, ఎవరి జోలికీ పోదు. ఆకులా, దారాలా? హంతకుడికీ అమాయకుడికీ మధ్య తేడా అంతే. ఆ తేడా చూడటానికి టార్చ్, భూతద్దం, రెండు నిమిషాల ఓపిక చాలు.

చుక్కల్లా ఉంటే

ఆవగింజలో పదో వంతు ఉన్న తెల్ల చుక్కలు కుదుపులతో ఎగురుతుంటే కోపిపాడ్‌లు. గుండ్రటి గింజల్లా ఆగకుండా దొర్లుతుంటే సీడ్ ష్రింప్. పైకి కిందికి గెంతుతుంటే డాఫ్నియా. మూడూ చేపలకు మంచి తిండి. ఇవి ఉన్నాయంటే మీ ట్యాంక్ బాగున్నట్టే.

కోపిపాడ్‌లలో ఒకటి సైక్లాప్స్. తల మధ్యలో ఒకే కన్ను. ఆడదానికి తోకకు రెండు పక్కలా గుడ్ల సంచులు వేలాడతాయి. ఫోన్ లెన్స్‌లో అది కనపడగానే పరిగెత్తుకెళ్లి నానమ్మకు చూపించా. ఆమె కళ్లజోడు పెట్టుకుని చూసి, "గీ పురుగుల నీళ్లు తాగే గదరా మా ఊర్ల నారి లేసేది" అంది.

నాకు అర్థం కాలేదు. నారి అంటే నారికురుపు, ఇంగ్లీష్‌లో గినీ వార్మ్. ఆ పురుగు పిల్లలు సైక్లాప్స్ లోపల ఉంటాయి. దిగుడు బావిలో నీళ్లు తాగినప్పుడు కడుపులోకి పోతాయి. దాదాపు ఏడాది తర్వాత మూడడుగుల దాకా పెరిగిన పురుగు కాలు చీల్చుకుని బయటికొస్తుంది. "దారం లెక్క ఎల్లేది బిడ్డా. తెగకుండ రోజింత పుల్లకు సుట్టెటోళ్లు. బట్టల వడగట్టుకొని తాగుర్రి అని సర్కారోళ్లు ఊరూరు తిరిగిండ్రు" అని చెప్పింది.

తర్వాత నేను వెతికి చూశా. నారికురుపు ఉన్న రాష్ట్రాల్లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. దానికి టీకా లేదు. నీళ్లు బట్టతో వడగట్టడం, దిగుడు బావుల్ని బాగుచేయడం, రోగుల్ని నీళ్లలో దిగనీయకపోవడం, వీటితోనే దేశం దాన్ని వదిలించుకుంది. చివరి కేసు 1996లో రాజస్థాన్‌లో. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారత్‌ను నారికురుపు లేని దేశంగా ప్రకటించింది. ఇప్పుడు నా ట్యాంకులోని సైక్లాప్స్ లోపల ఎవరూ లేరు. కానీ మన ముందు తరం వాళ్లు ఇంత చిన్న ప్రాణిని గుర్తుపట్టి, చీర కొంగుతో ఆపారని తెలిశాక దాన్ని చూసే తీరు మారిపోయింది.

గుర్తుపట్టాక ఏం చేయాలి

కొత్త మొక్కల్ని మూడు నాలుగు వారాలు విడి తొట్టిలో ఉంచండి. జెల్లీ ముద్దల్లా ఉన్న నత్త గుడ్లు పొదగడానికి, దాక్కున్న తూనీగ పిల్ల కనపడేంత పెరగడానికి ఆ టైమ్ కావాలి. తొందరగా ఉంటే పొటాషియం పర్మాంగనేట్ లేత గులాబీ రంగు వచ్చేంత కలిపి పది నిమిషాలు ముంచి, బాగా కడగండి. పటిక నీళ్లలో కొన్ని గంటలు ఉంచినా నత్త గుడ్లు చాలావరకు పోతాయి. నాచు లాంటి సున్నితమైన మొక్కలు మందులకు దెబ్బతినొచ్చు, వాటికి విడిగా ఉంచడమే మేలు.

ట్యాంకులోకి వచ్చేసిన ప్లనేరియా, హైడ్రా మరీ ఎక్కువైతే ఫెన్‌బెండజోల్ వాడతారు. మన దగ్గర గొర్రెలకు పోసే నట్టల మందుల్లో అదొకటి. చాలా తక్కువ మోతాదు చాలు, కానీ కొన్ని రకాల నత్తలు దానికి చచ్చిపోతాయి. ఏ మందు కొన్నా సీసా వెనక చదవండి. రాగి అని ఉంటే రొయ్యలున్న ట్యాంకు దగ్గరికి తేవద్దు. పేరు తెలియని ప్రాణి కనిపిస్తే సీసాలో వేసి, ఒక మొక్క ముక్క పెట్టి, వారం రోజులు చూడండి. మందు ఎప్పుడైనా పోయొచ్చు, పోసింది మాత్రం వెనక్కి రాదు.

మీ ఇంట్లో దిగి, తర్వాతి బస్సు ఎక్కితే?

రొయ్యలు చచ్చిన రోజు పొద్దున నేను ఇంకో తప్పు చేయబోయాను. ట్యాంక్ నీళ్లు, నత్తలు, మొక్కలు అన్నీ బకెట్‌లో ఎత్తి చెరువులో పారబోసి వద్దామని బయల్దేరా. గేటు దగ్గర నానమ్మ ఆపింది.

"ఏడికిరా?"

"చెరువుకు నానమ్మా. ఇవి పారబోసి వస్తా."

"మందు వోసిన నీళ్లు చెర్ల వోస్తవా? బర్లు తాగయా? నీ ఇంట్ల పనికిరానిది చెరువుకెట్ల పనికొస్తది?"

ఆమె ఆలోచించింది మందు గురించి. నేను తర్వాత చదివింది మొక్కల గురించీ నత్తల గురించీ. మన చెరువులు విడివిడిగా ఉండవు. మెదక్ పక్కన మంజీర, దాని మీద ఘనపూర్ ఆనకట్ట, అక్కడి నుంచి కాలువలు, కాలువల నుంచి చెరువులు, చెరువు అలుగు పారితే కిందున్న ఇంకో చెరువు. ఒక బకెట్‌లో ఉన్నది ఎంత దూరం పోతుందో చెప్పలేం. చెరువుల్ని కప్పేసే గుర్రపుడెక్క కూడా దక్షిణ అమెరికా మొక్క, పువ్వు అందంగా ఉందని మనుషులే దేశాలు దాటించారు. గాజు మీద పాచి తింటుందని కొనే సక్కర్ చేప కూడా అంతే. పెద్దదయ్యాక కొందరు తెచ్చి నీళ్లలో వదిలేశారు. ఇప్పుడు దాన్ని డెవిల్ ఫిష్ అంటూ మన జాలర్లు తిట్టుకుంటున్నారు, ముళ్లకు వలలు తెగుతున్నాయి. అది తూర్పు కనుమల్లో ఎక్కడెక్కడికి చేరిందో తెలుసుకోవడానికి హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీళ్లలో కలిసిన డీఎన్ఏను వెతికే పద్ధతి వాడారు.

మన తెలుగు నేల మీద ఇంకా పాత కేసు విశాఖపట్నంలో ఉంది. 1967లో విశాఖ హార్బర్‌లో మిటిలోప్సిస్ సాలియై అనే చిన్న ఆల్చిప్ప కనిపించింది. దాని సొంతూరు కరీబియన్, గల్ఫ్ ఆఫ్ మెక్సికో తీరాలు. ఓడలకు అతుక్కునే జాతి అది. గుత్తులు గుత్తులుగా పెరిగి, మన దగ్గరే స్థిరపడిపోయింది. అదే ఆల్చిప్ప 1999లో ఆస్ట్రేలియాలోని డార్విన్‌లో, పడవలు నిలిపే మెరీనాల్లో కనిపించింది. అక్కడివాళ్లు మెరీనాల గేట్లు మూసేసి, నీళ్లలో క్లోరిన్, మైలుతుత్తం పోశారు. మైలుతుత్తం అంటే రాగి. ఆల్చిప్పలతో పాటు లోపలున్న మిగతా ప్రాణులు కూడా చచ్చాయి. కానీ ఆ జాతి అక్కడి నుంచి పోయింది. నేను తెలియక చేసిన పనిని వాళ్లు తెలిసి, వేరే దారి లేక చేశారు. విశాఖలో అది దొరికేసరికి అట్లా మూయగలిగే గేటు కూడా లేదు.

మంచి ఉదాహరణ కూడా ఒకటి ఉంది. 2021లో అమెరికాలోని సియాటిల్‌లో, పెంపుడు జంతువుల షాపులో పనిచేసే ఒకరు, అక్వేరియంలో వేసే నాచు బంతి మీద గోరంత ఆల్చిప్పను గమనించారు. అది జీబ్రా మస్సెల్. 1980ల చివర్లో ఓడల నీళ్లతో వచ్చి అక్కడి గ్రేట్ లేక్స్‌ను ముంచెత్తిన జాతి. ఆ ఉద్యోగి ఊరుకోకుండా ప్రభుత్వ డేటాబేస్‌లో రిపోర్ట్ చేశారు. వెతికితే ఇరవైకి పైగా రాష్ట్రాల షాపుల్లో అవే నాచు బంతులు బయటపడ్డాయి. కొన్నవాళ్లందరికీ వాటిని ఉడకబెట్టో, ఫ్రీజర్‌లో పెట్టో చంపాకే పారేయమని చెప్పారు. షాపులో పనిచేసే మనిషి అనుమానం వచ్చి దగ్గరగా చూడటంతో ఇదంతా బయటికొచ్చింది.

నా బకెట్ ఏమైందంటే, నీళ్లు ఇంటి వెనక ఖాళీ మట్టిలో, చెట్లకు దూరంగా ఇంకిపోయాయి. మొక్కల్ని డాబా మీద వారం ఎండబెట్టి చెత్తలో వేశా. మీరూ అంతే చేయండి. ట్యాంకులోది ఏదీ చెరువులో, కాలువలో, డ్రైనేజీలో వేయొద్దు.

తూనీగ పిల్లను మాత్రం చంపబుద్ధి కాలేదు. దాని తప్పేముంది, దాని తిండి అది తిన్నది. సీసాలో పెట్టి డ్రమ్ములోని దోమ పిల్లల్ని వేశా. లోపల ఒక పుల్ల నిలబెట్టి పైన గుడ్డ కట్టా. పంతొమ్మిదో రోజు పొద్దున పుల్ల మీద ఖాళీ చర్మం అతుక్కుని ఉంది, పక్కనే తడి రెక్కలతో సన్న తూనీగ. ఒక రోజంతా ఆగి, రంగు తేలాక ఫోటోలు తీసి పోల్చి చూశా. తోక చివర నీలం మచ్చ, నల్ల వీపు, పచ్చటి పక్కలు. ఇష్న్యూరా సెనెగలెన్సిస్. పేరు ఆఫ్రికాదైనా మన చెరువు గట్ల మీద మామూలుగా ఎగిరేదే.

అది తెలిశాకే గుడ్డ విప్పి కిటికీ తెరిచా.